ద్రాక్షతోటల బాట, పెన్నా కాలువ కట్ట: కార్లు లేని సైకిల్ యాత్రకు మన దగ్గర ఏముంది, ఏం కావాలి?

ఫ్రాన్సులోని బుర్గుండి ప్రాంతంలో బోన్ అనే పట్నం ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా సాంత్నే అనే ఊరి దాకా 22 కిలోమీటర్ల సైకిల్ దారి పోతుంది. అక్కడివాళ్లు దాన్ని ‘ద్రాక్షతోటల దారి’ అనే పిలుస్తారు. పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ లాంటి ఊళ్లు దాని మీదే ఉన్నాయి. ఖరీదైన వైన్‌కు ప్రపంచమంతా పేరున్న ఊళ్లు అవి. ఒక ఊరి చర్చి గోపురం వెనక్కి పోయేలోపే ఇంకో ఊరి గోపురం కనపడుతుంది. మధ్యలో నడుమెత్తు రాతి గోడలు, వాటి వెనక వరుసలుగా ద్రాక్ష తీగలు. కారు హారన్ వినపడదు.

ఇంత పేరున్న ఆ దారిని యాత్రికుల కోసం ఎవరూ కొత్తగా వెయ్యలేదు. తోటల్లోకి ట్రాక్టర్ పోవడానికి, కోసిన పళ్లు ఇంటికి చేర్చుకోవడానికి రైతులు వాడుకునే బాటలవి. తెగిన చోట్ల కలిపారు, మలుపు దగ్గర గుర్తు పెట్టారు, సైకిళ్లు పోవచ్చని చెప్పారు. మిగతాదంతా అప్పటికే ఉంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇదే. పర్యాటకం అనగానే మన దగ్గర బీచ్‌లో రిసార్టు, కొండమీద రోప్‌వే, హైవే పక్కన పెద్ద హోటలు గుర్తుకొస్తాయి. వాటికి కోట్లు కావాలి, భూమి కావాలి. పొలం బాట, కాలువ కట్ట, డొంక మాత్రం ఊరూరా ఉన్నాయి. పాడుబడిన స్థితిలోనైనా ఉన్నాయి. యూరప్‌లోని తోటల దారులు ఎలా పనిచేస్తున్నాయో అర్థం చేసుకుంటే, ఇక్కడ ఏది పనికొస్తుందో, ఏది రాదో తేలికగా తెలుస్తుంది.

వైన్ సంగతి ముందే తేల్చుకోవాలి

ద్రాక్షతోటల సైకిల్ యాత్రలో వైన్ రుచి చూడటం ఒక భాగం. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున వాఖావ్ లోయలో చిన్న చిన్న ద్రాక్షరైతులు తమ ఇంటి వాకిట్లోనే బల్లలు వేసి సొంత వైన్, సొంత రొట్టె అమ్ముతారు. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన ఉత్తర్వుతో వాళ్లకు ఆ హక్కు వచ్చింది. ఇంటి ముందు కొమ్మల కట్ట వేలాడదీస్తే ఈవేళ అంగడి తీసి ఉందని గుర్తు. అయితే ఆ దేశాల్లో కూడా తాగి సైకిల్ తొక్కితే నేరమే. ఫ్రాన్సులో రక్తంలో మద్యం ఇంతకు మించకూడదని కారు నడిపేవాడికి ఉన్న హద్దే సైకిల్ తొక్కేవాడికీ ఉంది.

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో వేరే చరిత్ర ఉంది. దూబగుంట అనే పల్లెలో అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఉద్యమం ఊరూరికీ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధమూ వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. భర్తల కూలి డబ్బు సారా అంగడికి పోకుండా అడ్డం నిలబడిన ఆడవాళ్ల జిల్లా ఇది. ఇక్కడికి ‘వైన్ టూరిజం’ అనే మాట తేవాల్సిన అవసరం లేదు, తేకూడదు కూడా.

అందువల్ల పోయేదేమీ లేదు. బుర్గుండిలో యాత్రికుడికి దొరికే అసలు ఆనందం, తిండి పండే చోటే దాన్ని రుచి చూడటం. ఆ తోట మట్టి చక్రానికి అంటుతుండగా అక్కడి కాయను అక్కడే తినడం. ఆ లెక్కన నెల్లూరు సీమకు లోటేమీ లేదు. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల చుట్టూ ఎన్నో ఊళ్ల నిండా నిమ్మతోటలే. పూత మీదున్నప్పుడు ఆ తోటల పక్కన సైకిల్ మీద పోతే వాసన ముఖానికి తగులుతుంది, కారు అద్దాల్లోంచి అది తెలియదు. ఉలవపాడులో మామిడి, సపోటా. పెన్నా కాలువల కింద వరి. సముద్రం పక్కన ఇసుక నేలల్లో సరుగుడు, జీడిమామిడి, వేరుశనగ. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు. ఎండాకాలం తాటిముంజలు. వాఖావ్ లోయ కూడా వైన్‌తో పాటు పసుపు ఆప్రికాట్ పండుకు పేరుపడ్డదే. ఏప్రిల్‌లో ఆ చెట్ల పూత చూడటానికే జనం వస్తారు. పంట ఏదైనా, దాని మధ్యలోంచి నెమ్మదిగా పోయే దారి ఉంటే యాత్ర అవుతుంది.

కార్లు లేకపోవడం అంటే ఏమిటి

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కార్లు లేని దారి అంటే గేటు పెట్టి అందరినీ ఆపేసిన దారి అనుకుంటారు. ఆ దేశాల్లో రెండు రకాలున్నాయి. మొదటిది పూర్తిగా మోటారు లేని దారి. ఫ్రాన్సులో దీన్ని పచ్చబాట అంటారు. వాళ్ల రహదారి నిబంధనల్లో 2004లో దీనికి ప్రత్యేకమైన స్థానం ఇచ్చారు. నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు తప్ప ఇంకేమీ పోకూడదు. ఆ దేశంలో తొలి పచ్చబాట కూడా బుర్గుండిలోనే వచ్చింది. జీవ్రీ నుంచి క్లూనీ దాకా రైళ్లు ఆగిపోయిన పాత పట్టాల దారిని 44 కిలోమీటర్ల మేర చదును చేసి 1997లో తెరిచారు. రైలు దారి కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కూడా ఆయాసం లేకుండా తొక్కగలరు.

రెండో రకం పంచుకునే దారి. ద్రాక్షతోటల దారిలో ఎక్కువ భాగం ఇదే. రైతు ట్రాక్టర్ వస్తుంది, సైకిల్ పక్కకు తప్పుకుంటుంది. సెప్టెంబరులో పళ్లు కోసే రోజుల్లో దారి పూర్తిగా రైతుదే. ఆ ఊరివాడు కానివాడి కారు మాత్రం లోపలికి రావడానికి కారణం లేదు, ఎందుకంటే వేగంగా పోవాలనుకునే వాళ్లకు పక్కనే పెద్ద రోడ్డు ఉంది.

నెల్లూరు సీమకు పనికొచ్చేది ఈ రెండోదే. మన కాలువ కట్ట మీద రైతు ట్రాక్టర్, గడ్డి బండి, వరికోత మిషన్, గేదెలు, మోటార్ సైకిళ్లు అన్నీ పోవాలి. వాటిని ఆపమంటే ఏ ఊరూ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు. ఆపాల్సింది ఇసుక టిప్పర్లను, అడ్డదారిలో పోయే కార్లను, లారీలను. కట్ట కుంగేది, గుంతలు పడేది, దుమ్ము లేచి తోటల మీద పడేది వాటి వల్లే. అంటే సైకిల్ యాత్రికుడు కోరుకునేదీ, ఆ కట్ట కింద పొలమున్న రైతు కోరుకునేదీ ఒకటే.

చిక్కు ఎక్కడుందంటే, ట్రాక్టర్‌కు ఎంత వెడల్పు కావాలో కారుకూ దాదాపు అంతే కావాలి. రాతి స్తంభాలు పాతి సైకిల్ పట్టేంత సందు వదిలితే ట్రాక్టర్ ఆగిపోతుంది. అడ్డంగా ఇనుప కమ్మీ పెడితే గడ్డి ట్రాక్టర్‌కూ అదే అడ్డం. కాబట్టి కమ్మీకి తాళం ఉండాలి, ఆ తాళం ఊళ్లో ఉండాలి. దీనికి మన దగ్గర ఆధారం ఉంది. రైతులే సాగునీటి వ్యవస్థలను చూసుకోవాలని 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. దాని ప్రకారమే నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. తాళం ఆ సంఘం చేతిలో ఉంటే కోతల వారాల్లో కమ్మీ తీసి ఉంచుతారు, మిగతా రోజుల్లో మూస్తారు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఒక దారిలో ఫలానా వాహనాలు పోరాదని చెప్పే అధికారం ప్రభుత్వానికి ఉంది. చట్టం లేక ఆగిన పని కాదు ఇది, ఎవరూ అడగక ఆగిన పని.

మూడు పాత దారులు

మొదటిది బకింగ్‌హామ్ కాలువ. ఇది కాకినాడ నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సముద్రానికి దగ్గరగా పోయే జలమార్గంలో భాగం. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసి, అక్కడి నుంచి చెన్నై దాకా 316 కిలోమీటర్లు ఉత్తర బకింగ్‌హామ్ కాలువగా సాగుతుంది. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తొలి భాగం 1806లోనే తవ్వారు. 1876-78 ధాత కరువులో ఆకలితో ఉన్న జనానికి పని చూపించడానికి మద్రాసులో కొంత తవ్వించి, అప్పటి గవర్నరు పేరు దానికి పెట్టారు. కరువులో తట్ట మోసిన వాళ్ల కష్టం కలిసిన కాలువ అది. దాన్ని తుమ్మకంపకు వదిలేయడం బాధాకరం.

ఈ కాలువ మీద మద్రాసుకు కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో పోయేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు. అలా లాగడానికి గట్టు మీద చదునైన బాట ఉండేది. యూరప్‌లో డాన్యూబ్ సైకిల్ దారి చరిత్ర కూడా ఇదే. జర్మనీలోని పాసావ్ నుంచి వియన్నా దాకా సుమారు 320 కిలోమీటర్ల ఆ దారి చాలా చోట్ల పాత పడవలాగే బాట మీదే పోతుంది. గుర్రాలు, మనుషులు పడవలు లాగిన చోట ఇప్పుడు కుటుంబాలు సైకిళ్లు తొక్కుతున్నాయి. వాళ్లు ఆ బాటను నిలబెట్టుకున్నారు, మనం వదిలేశాం. అంతకుమించి తేడా లేదు.

మన కాలువకు 1960ల తుపానుల దెబ్బ తగిలింది. రైలు, లారీ వచ్చాక పడవల పని పోయింది. పూడిక పేరుకుంది, లాకులు పాడయ్యాయి. గట్టును రొయ్యల చెరువులు కొన్నిచోట్ల కలిపేసుకున్నాయి. 2004 సునామీ అప్పుడు మాత్రం చాలా చోట్ల అలల నీటిని ఈ కాలువే పట్టుకుని లోపలి ఊళ్లను కాపాడింది. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. పడవలు మళ్లీ తిరుగుతాయో లేదో గానీ, గట్టు మీద సైకిల్ దారికి పడవ అక్కర్లేదు. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట వైపు ఒక పక్క కాలువ, ఇంకో పక్క సరుగుడు తోపు, దాని వెనక సముద్రపు హోరు. ఇంత నిశ్శబ్దమైన చోటు కోసం జనం విమానాలెక్కి దూరదేశాలు పోతారు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. రొయ్యల చెరువులున్న చోట నిశ్శబ్దం ఉండదు. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి, నీడనిచ్చే చెట్టు ఉండదు, మేత లారీలు వస్తూ పోతూ ఉంటాయి. కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల భారీ లారీల రద్దీ ఉంది. కాబట్టి కాలువ పొడవునా ఒకే దారి అని పటం గీసుకోవడం తప్పు. మంచి ముక్కలు ఏరుకోవాలి. బుర్గుండి వాళ్లు కూడా 22 కిలోమీటర్ల ముక్కనే బాగా చేశారు.

రెండోది పెన్నా కాలువల కట్టలు. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1880లలో వచ్చింది. ఈ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు 2022లో వాడుకలోకి వచ్చాయి. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, కనిగిరి రిజర్వాయరు కాలువలు, కావలి కాలువ, ఇవన్నీ ఊళ్లను కలుపుతూ పోతాయి. కాలువ వాలు చాలా తక్కువ కాబట్టి దాని కట్ట కూడా దాదాపు సమతలమే. గేర్లు లేని మామూలు సైకిల్ చాలు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరి. తూముల దగ్గర చెట్టు నీడ, దిగుడు మెట్లు. ఊరికీ ఊరికీ మధ్య మూడు నాలుగు కిలోమీటర్లే. ద్రాక్షతోటల ఊళ్ల మధ్య దూరం కూడా ఇంతే. సైకిల్ యాత్ర నడిచేది ఈ కొలత మీదే. దాహం వేసేలోపు ఊరు రావాలి.

పెన్నా ఒడ్డున చూడాల్సినవి కూడా ఈ కొలతలోనే ఉన్నాయి. నెల్లూరులో తల్పగిరి రంగనాథుడి గుడి, పైకి పోతే జొన్నవాడ కామాక్షమ్మ, ఏటికి అవతల నరసింహకొండ, బుచ్చిరెడ్డిపాళెం కోదండరాముడి గుడి, కిందికి వస్తే పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం. గాంధీ 1921 ఏప్రిల్ 7న దాన్ని ప్రారంభించారు. కారులో వచ్చినవాడు ఆశ్రమం చూసి పది నిమిషాల్లో తిరిగి ఎక్కుతాడు. సైకిల్ మీద వచ్చినవాడు చెట్టు కింద కూర్చుంటాడు, కాళ్లు నొప్పి తీరాలి కదా. ఆ గంటలోనే ఆ చోటు అతనికి అర్థమవుతుంది.

మూడోది డొంక. గుంటూరు నుంచి నెల్లూరు దాకా ఈ మాట తెలియని రైతు లేడు. ఎడ్లబండి పోవడానికి పొలాల మధ్య వదిలిన బాట, రెండు పక్కలా చెట్లు, కంచె. రెవెన్యూ గ్రామపటంలో దానికి సర్వే నంబరు ఉంటుంది, పోరంబోకుగా రాసి ఉంటుంది. అది ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. ఫ్రాన్సు పల్లెల్లో కూడా ఇలాంటి ఊరి బాటలే సైకిల్ దారులకు ఆధారమయ్యాయి. మన దగ్గర పక్క పొలం గట్టు ఏటా ఒక సాలు ముందుకు జరిగి, ఇరవై అడుగుల డొంక ఎనిమిది అడుగులై, చివరికి కంపచెట్టుతో మూసుకుపోయిన ఊళ్లు ఎన్నో. ప్రకాశం జిల్లాలో నల్లరేగడి నేలల డొంకలకు ఇంకో కష్టం. వాన పడితే ఆ మట్టి చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య బిగుసుకుపోతుంది. సైకిల్‌ను భుజాన వేసుకోవడం తప్ప దారి లేదు. అలాంటి చోట గ్రావెల్ తోలి రోలర్ తిప్పాలి. రెండు సైకిళ్లు ఎదురైనా తప్పుకోవడానికి రెండున్నర, మూడు మీటర్ల వెడల్పు చాలు. తారు అక్కర్లేదు, నిజానికి తారు వేస్తే కార్లను పిలిచినట్టే.

డొంకలను కొలిపించి హద్దురాళ్లు వేయించడమే ఈ మొత్తం పనిలో కష్టమైనది, విలువైనది. సైకిల్ యాత్రికుడు ఒక్కడూ రాకపోయినా ఆ పని వృథా పోదు. బడికి పోయే పిల్లలు, నాట్లకు పోయే కూలీలు, పాలు పోయడానికి పోయేవాళ్లు రోజూ ఆ బాట మీదే పోవాలి. ప్రభుత్వం 2016లో ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. ఆ పిల్ల సైకిల్ ఇవాళ టిప్పర్ పక్కన, హైవే సర్వీసు రోడ్డు మీద పోతుంటే తల్లికి ఎంత టెన్షన్! పక్క ఊరి హైస్కూలుకు డొంక మీదుగా పోగలిగితే ఆ భయం ఉండదు. యాత్రికుల దారి అనే పేరుతోనైనా ఆ పిల్లకు దారి వస్తే అంతకన్నా కావాల్సింది లేదు.

రైలు

యూరప్ తోటల యాత్రలో జనం పెద్దగా చెప్పుకోని సంగతి రైలు. లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, కోటలు, ద్రాక్షతోటలు దాని పక్కనే. దాన్ని మొత్తం తొక్కేవాళ్లు తక్కువ. ఒక స్టేషన్లో దిగి, మూడు రోజులు తొక్కి, ఇంకో స్టేషన్లో సైకిల్‌తో సహా రైలెక్కి ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ. వేసవిలో సైకిళ్ల కోసం ప్రత్యేకంగా బోగీలు పెడతారు. అలసిపోయినవాడికి, వానకు దొరికినవాడికి, పిల్లలున్నవాళ్లకు ఆ రైలు ఇచ్చే ధైర్యమే యాత్రకు బయల్దేరదీస్తుంది.

గూడూరు నుంచి ఒంగోలు దాకా మన రైలు మార్గం అచ్చం అలాగే ఉంది. మనుబోలు, వెంకటాచలం, వేదాయపాళెం, నెల్లూరు, పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్డు, బిట్రగుంట, కావలి, తెట్టు, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు. కొన్ని మైళ్లకో స్టేషన్. తూర్పున సముద్రం, పడమట మెట్ట, మధ్యలో రైలు. ఏ స్టేషన్లో దిగినా తూర్పుకు తొక్కితే కాలువ గట్టు వస్తుంది. ఒంగోలు దాటి చినగంజాం ఉప్పు కొటారులు, పాత ప్రకాశంలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిన వేటపాలెం కూడా ఈ దారి మీదివే. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించిన మోటుపల్లి కూడా ఆ చుట్టుపక్కలే.

కానీ మన రైల్లోకి సైకిల్ ఎక్కదు. లగేజీగా పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి, సామాను పెట్టెలో పంపాలి. ఊళ్ల స్టేషన్లలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు, అంతలో ఆ పని జరగదు. పాసింజరు రైలుకు ఒక చివర పది సైకిళ్లు నిలబెట్టే కొక్కేలు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పాల క్యాన్లు, కూరగాయల గంపలు ఎక్కిన రైళ్లే కదా ఇవి. ఆ మార్పు వచ్చిన రోజు చెన్నై నుంచి, విజయవాడ నుంచి శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే యాత్ర సాధ్యమవుతుంది.

తిండి, పడక, ముళ్లు

నెల్లూరు నుంచి కావలికి 16వ నంబరు జాతీయ రహదారి మీద కారు గంటలో పోతుంది. మధ్యలో ఒక్క ఊరికీ దానివల్ల రూపాయి రాదు. గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోయే సైకిల్‌కు అదే దూరం కట్టల మీదుగా ఒక రోజు పని. ఐదారు సార్లు నీళ్లు కావాలి, మూడు సార్లు తిండి కావాలి, రాత్రికి పడక కావాలి. ఆ డబ్బు అంతా చిన్న ఊళ్లలోనే పడుతుంది. పొద్దున్నే బంకు దగ్గర కారం దోసె, పులిబొంగరాలు. పదకొండింటికి తోట దగ్గర ఉప్పు వేసిన నిమ్మరసం. మధ్యాహ్నం ఎవరింట్లోనో వండించుకున్న చేపల పులుసు. ఉలవపాడు వాళ్లు ఇప్పుడు హైవే పక్కన బుట్టలు పెట్టుకుని, దుమ్ములో, లారీల గాలిలో నిలబడి మామిడి, సపోటా అమ్ముతున్నారు. తోట గట్టు మీదే అమ్ముకునే వీలుంటే వాళ్ల ప్రాణానికి కూడా సుఖం.

పడక విషయంలో ఫ్రాన్సు వాళ్లు ఒక మంచి పద్ధతి పెట్టారు. సైకిల్ దారికి 5 కిలోమీటర్ల లోపున్న బసలకు, సైకిల్ పెట్టుకునే తాళమున్న చోటు, పంచర్ సామాను, పొద్దున్నే గట్టి ఫలహారం ఉంటే ఒక గుర్తు ఇస్తారు. ఆ బోర్డు చూస్తే యాత్రికుడికి నమ్మకం. మన ఊళ్లలో పిల్లలు హైదరాబాదు, బెంగళూరు పోయాక మిద్దె మీద గదులు ఖాళీగా ఉన్న ఇళ్లు ప్రతి వీధిలో కనపడతాయి. శుభ్రమైన బాత్రూం, దోమతెర, తాళం పడే వరండా. ఇంతకుమించి సైకిల్ యాత్రికుడు అడగడు. ఆడవాళ్లు ఒంటరిగానో ఇద్దరు ముగ్గురు కలిసో రావాలంటే మాత్రం ఊరివాళ్ల బాధ్యత ఎక్కువ. గదులు చూసుకునేది ఆ ఊరి పొదుపు సంఘాల ఆడవాళ్లే అయితే వచ్చేవాళ్లకు భరోసా ఉంటుంది.

ఇక ముళ్లు. పటాల్లో, ప్లానుల్లో ఎవరూ రాయని విషయం ఇది. కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ పాకింది. ఎండిన దాని ముల్లు టైరునూ ట్యూబునూ కలిపి గుచ్చుతుంది. ఇసుక దారుల్లో పల్లేరు కాయలు ఇంకా ఘోరం, ఒక్క నిమిషంలో రెండు చక్రాలకూ పది చోట్ల దిగుతాయి. గాలి పంపు, ప్యాచీలు, సొల్యూషన్, ఒక స్పేర్ ట్యూబు లేకుండా గట్టు మీదికి పోవడం మంచిది కాదు. ఒకప్పుడు ప్రతి సెంటర్లో గంటకు ఇంత అని సైకిళ్లు అద్దెకిచ్చే షాపు ఉండేది, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసి పంచర్ వేసేవాళ్లు. ఇప్పుడు మోటార్ సైకిల్ మెకానిక్కులు ఎక్కువయ్యారు. గట్టు మీద తుమ్మ కొట్టించే పని ఉపాధి హామీ కూలీలతో చేయిస్తే, నరికిన కంపను అక్కడే వదలకుండా ఊడ్పించాలి. కొట్టి వదిలేసిన కంపే ఎక్కువ టైర్లను చంపుతుంది.

తుపాను సంగతి కూడా చూడాలి. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. అలాంటి నీటి ముందు గ్రావెల్ బాట ఎంత? ఏటా డిసెంబరు చివర మరమ్మతు తప్పదు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. అయితే రోజూ మనుషులు తిరిగే కట్టకు ఒక లాభం ఉంది. ఎలుకబొక్క పడినా, నీరు ఊరుతున్నా ఎవరో ఒకరు చూస్తారు, కాలువ చూసుకునే లస్కరుకు చెప్తారు. తుమ్మ కంప కమ్మిన కట్ట తెగేదాకా ఎవరికీ తెలియదు.

యాత్రకు మంచి కాలం సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి దాకా. పొలాల్లో వరి నిలబడి ఉంటుంది, కాలువల్లో నీళ్లుంటాయి, ఎండ ఇంకా ముదరదు. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. కావలిలో దిగి నెల్లూరు వైపు తొక్కితే గాలి వీపును తోస్తుంది, నెల్లూరు నుంచి కావలికి పోతే ఎదురుగాలి. మార్చిలో కోత మిషన్లు, ధాన్యం ట్రాక్టర్లు కట్టలెక్కుతాయి, అప్పుడు దారి వాళ్లకు వదలాలి. ఎడగారు, అంటే ఎండాకాలపు రెండో పంట నాటికి ఎండ దంచుతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి ఎనిమిదింటికల్లా ఏ రావిచెట్టు కిందికో చేరుకోవాలి. అప్పటికి గట్టు కింద ముంజలు కొడుతూ ఉంటారు.